వాడినవారి మాట, కొలిచినవారి మాట: నిస్సాన్ బండ్లపై ఒక విమర్శ

మోటారు బండి కొనదలచినవాడు మన ప్రాంతంలో మొట్టమొదట చేసే పని, అటువంటి బండి ఉన్నవారిని విచారించడం. "లీటరుకు ఎంత ఇస్తున్నది?" అని అడుగుతాడు. "సామాను దొరుకుతుందా? మన గ్యారేజీలో బాగుచేస్తారా? రేపు అమ్మితే ఎంత వస్తుంది?" అని అడుగుతాడు. కంపెనీవారి ప్రకటనలకంటె ఈ జవాబులమీదనే అతనికి నమ్మకం ఎక్కువ. ఇది తెలివిగల పద్ధతే. అయితే ఇది ఎంతవరకు శాస్త్రీయమైన పద్ధతి? వాడినవారి అనుభవం ఎక్కడ కొలతకు సమానమవుతుంది, ఎక్కడ కాదు?

ఈ ప్రశ్నను గాలిలో చర్చించడంకంటె ఒక కంపెనీ చరిత్రను ముందు పెట్టుకొని పరిశీలించడం మేలు. అందుకు జపాను దేశపు నిస్సాన్ కంపెనీ తగినదని నా అభిప్రాయం. ఆ కంపెనీ లారీలు ఒకప్పుడు మన తెలంగాణలోనే, జహీరాబాదులో తయారైనాయి. ఆ తరువాత చాలా కాలానికి అదే కంపెనీ కార్లు మద్రాసు సమీపంలో తయారై మన వీధుల్లోకి వచ్చాయి. మొదటి సందర్భంలో వాడినవారి మాటే నెగ్గింది. రెండవ సందర్భంలో వాడినవారికి అసలు విషయం తెలిసే అవకాశమే లేకపోయింది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే మన ప్రశ్నకు జవాబు దొరుకుతుంది.

కుందేలు బండి

1911లో మసుజిరో హషిమొటో అనే ఇంజనీరు టోక్యో నగరంలో ఒక చిన్న మోటారు కర్మాగారం పెట్టాడు. అక్కడ 1914లో తయారైన కారుకు, పెట్టుబడి పెట్టిన ముగ్గురు మిత్రులు డెన్, అయొయామా, టకెయుచి పేర్లలోని తొలి అక్షరాలను కలిపి "డాట్" అని పేరు పెట్టారు. జపాను భాషలో ఆ ధ్వనికి పరుగెత్తే కుందేలు అనే స్ఫురణ కూడా ఉన్నది. 1931లో ఇంకా చిన్న కారు ఒకటి తయారైనప్పుడు, డాట్‌కు కొడుకు వంటిది కనుక ఇంగ్లీషు పద్ధతిలో "డాట్సన్" అన్నారు. కాని "సన్" అంటే జపాను భాషలో నష్టమనే అర్థం కూడా వస్తుంది. వ్యాపారానికి అది అపశకునమని, ఉచ్చారణ అదే ఉంచి, ఇంగ్లీషులో సూర్యుడిని తెలిపే అక్షరాలతో రాయడం మొదలుపెట్టారు. యొషిసుకె ఐకావా అనే పారిశ్రామికుడు 1933లో యొకొహామాలో నెలకొల్పిన కంపెనీ చేతికి ఈ కారు వచ్చింది. ఆ కంపెనీకే 1934లో నిస్సాన్ అని పేరు స్థిరపడింది.

రెండవ ప్రపంచయుద్ధం తరువాత జపాను పరిశ్రమ చాలా వెనుకబడి ఉన్నది. నిస్సాన్ 1952లో ఇంగ్లండుకు చెందిన ఆస్టిన్ కంపెనీతో ఒప్పందం చేసుకొన్నది. మొదట ఆస్టిన్ కారు భాగాలను దిగుమతి చేసుకొని బిగించాలి. తరువాత ఆ భాగాలన్నీ క్రమంగా జపానులోనే తయారు కావాలి. ఇందుకు మూడేళ్ళు గడువు. ఆ పని నిస్సాన్ నెరవేర్చింది. బోల్టు మొదలు ఇంజను దాకా ప్రతి భాగాన్ని తన దేశంలోనే చేయించుకోగలగడం ఆ కంపెనీ అక్కడ నేర్చిన ముఖ్యమైన విద్య. ఈ సంగతిని పాఠకులు గుర్తుంచుకోవాలి. జహీరాబాదు కథలో దీనితో మళ్ళీ పని పడుతుంది.

1950లో డెమింగ్ అనే అమెరికా గణాంక శాస్త్రజ్ఞుడు జపానుకు వచ్చి, కర్మాగారంలో నాణ్యతను లెక్కలతో ఎట్లా అదుపు చేయవచ్చునో ఉపన్యసించాడు. ఆయన పేర స్థాపించిన బహుమతిని నిస్సాన్ 1960లో గెలుచుకొన్నది. తయారైన వస్తువును చివరలో చూచి బాగున్నదో లేదో తేల్చడం పాత పద్ధతి. తయారీలోని ప్రతి దశనూ కొలిచి, తేడా ఎక్కడ మొదలైనదో అక్కడనే పట్టుకోవడం డెమింగ్ పద్ధతి. జపాను వస్తువుకు ఈనాడు మనం ఇచ్చే గౌరవానికి మూలం ఇందులోనే ఉన్నది.

అమెరికా కొనుగోలుదారులు నేర్పిన పాఠం

1958లో నిస్సాన్ తన కార్లను అమెరికాకు పంపడం మొదలుపెట్టింది. ఆ ఏడే ఆస్ట్రేలియా ఖండం చుట్టూ జరిగిన కఠినమైన పందెంలో డాట్సన్ కారు తన తరగతిలో గెలిచింది. అయినా అమెరికావారికి ఆ కార్లు నచ్చలేదు. జపాను ఇరుకు రోడ్లకు సరిపోయిన ఇంజను అక్కడి విశాలమైన రాజమార్గాలమీద వేగం అందుకోలేకపోయింది. చలికాలపు ఉదయాన సులభంగా రాజుకొనేది కాదు. 1960లో అక్కడికి వెళ్ళిన యుటకా కటయామా అనే అధికారి కొన్నవారి ఫిర్యాదులను ప్రధాన కార్యాలయానికి పదేపదే తెలిపి, పెద్ద ఇంజను కావాలని పట్టుబట్టాడు. 1960ల చివర 1,600 ఘనపు సెంటీమీటర్ల ఇంజనుతో వచ్చిన డాట్సన్ 510 కారు అమెరికాలో ఆ కంపెనీకి నిలకడైన స్థానం సంపాదించింది. ఆ కారే 1970లో తూర్పు ఆఫ్రికా సఫారీ పందెంలో కూడా గెలిచింది.

కర్మాగారంలో కొలతలన్నీ సరిపోయిన బండి కూడా వేరే దేశపు రోడ్డుమీద, వేరే వాతావరణంలో చాలకపోవచ్చును. ఆ లోటును మొట్టమొదట కనిపెట్టేవాడు దానిని రోజూ నడిపేవాడే. నిస్సాన్ ఆ మాట విన్నది, బాగుపడింది.

జహీరాబాదులో ఏమి జరిగింది?

1942లో హైదరాబాదులో మొదలైన ఆల్విన్ సంస్థ పేరు తెలియని తెలుగు కుటుంబం ఒకప్పుడు ఉండేది కాదు. ఇనుప బీరువాలు, బస్సుల బాడీలు, రిఫ్రిజిరేటర్లు, తరువాత జపాను సహకారంతో చేతి గడియారాలు ఆ సంస్థ తయారు చేసింది. 1980లలో కేంద్ర ప్రభుత్వం తేలికపాటి లారీల తయారీకి జపాను సహకారాన్ని అనుమతించినప్పుడు నాలుగు సంస్థలు ముందుకు వచ్చాయి. ఉత్తరప్రదేశ్‌లో డి.సి.ఎం. టొయోటా, పంజాబులో స్వరాజ్ మాజ్దా, మధ్యప్రదేశ్‌లో ఐషర్ మిత్సుబిషి, అప్పటి మెదక్ జిల్లా జహీరాబాదులో ఆల్విన్ నిస్సాన్. జహీరాబాదు కర్మాగారంలో తయారైన లారీ పేరు క్యాబ్‌స్టార్.

అప్పటిదాకా మన రోడ్లమీద తిరుగుతున్న లారీలతో పోలిస్తే ఈ జపాను లారీలు నాజూకైనవి. స్టీరింగు తేలిక, చప్పుడు తక్కువ, నూనె ఖర్చు తక్కువ. నడిపినవారు మెచ్చుకొన్న గుణాలు ఇవి. అయినప్పటికీ నాలుగింటిలో ఏదీ అనుకొన్నంతగా వ్యాపించలేదు. 1986లో టాటావారు, అప్పటి టెల్కో, విడుదల చేసిన 407 అనే లారీ కొద్ది కాలంలోనే మార్కెట్టును ఆక్రమించింది. ఆల్విన్ నిస్సాన్ 1980ల చివర మహీంద్రావారి చేతికి వచ్చి, కొంతకాలం రెండు పేర్లూ కలిసి నడిచి, 1990లలో మహీంద్రాలోనే కలిసిపోయింది. జహీరాబాదు కర్మాగారం ఈనాటికీ పనిచేస్తున్నది. కాని అక్కడి నుంచి వచ్చే ట్రాక్టర్లమీద, బండ్లమీద ఉన్న పేరు మహీంద్రా.

జపాను బండి మంచిది కాదా? మంచిదే. మరి ఎందుకు ఓడింది? కారణాలు రెండు.

మొదటిది ధర. ఈ లారీల ముఖ్య భాగాలు జపాను నుంచి దిగుమతి కావాలి. 1985 సెప్టెంబరులో ఐదు దేశాలవారు న్యూయార్కులోని ప్లాజా హోటలులో సమావేశమై డాలరు విలువ తగ్గించడానికి ఒప్పుకొన్నారు. అప్పుడు సుమారు 240 యెన్‌లకు ఒక డాలరు. 1988 నాటికి సుమారు 130 యెన్‌లకే ఒక డాలరు. మన రూపాయి కూడా ఈలోగా కొంత తగ్గింది. ఫలితంగా 1985లో సుమారు 5,000 రూపాయలకు వచ్చిన లక్ష యెన్‌ల సామాను మూడేళ్ళు గడిచేసరికి 10,000 రూపాయలు దాటింది. లారీ మారలేదు, ఇంజను మారలేదు, ధర మాత్రం పెరిగింది. ఆస్టిన్ ఒప్పందం నాటి విద్య ఇక్కడ జరిగి ఉండవలసినది. భాగాలన్నీ త్వరగా మన దేశంలోనే తయారై ఉంటే యెన్ పెరిగినా జహీరాబాదుకు ఇంత దెబ్బ తగిలేది కాదు. తాను ఇంగ్లండు కారుతో మూడేళ్ళలో సాధించినదాన్ని తన లారీ విషయంలో మరొక దేశంలో సాధించలేకపోవడం నిస్సాన్ చరిత్రలో విచిత్రమైన సంగతి.

రెండవది లోడు. జపానులో రెండు మూడు టన్నుల బండి అంటే అంతే వేస్తారు. మన కిరాయి వ్యాపారంలో ఆ సంఖ్య కాగితంమీద మాత్రమే ఉంటుంది. వేరుశనగ పంట వచ్చే రోజుల్లో ఆత్మకూరు, వనపర్తి ప్రాంతపు రోడ్లమీద సంచులు నింపుకొని పోయే బండిని చూచినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. సఫారీ పందెంలో గెలిచిన డాట్సన్ కారు గుంతలను తట్టుకొన్నది. కాని దాని వీపుమీద సంచులు లేవు. గతుకుల రోడ్డు వేరు, గతుకుల రోడ్డుమీద అధిక భారం వేరు.

ఇందులోని విజ్ఞానం ఏమిటో చూద్దాం. లారీ కింద మెకానిక్కులు "కమాన్లు" అని పిలిచే ఉక్కు పట్టీలు ఉంటాయి. గుంతలో చక్రం దిగినప్పుడల్లా అవి వంగి, మళ్ళీ లేస్తాయి. ఒక్కసారి వంచితే విరగని తీగ కూడా పదే పదే వంచితే విరుగుతుంది గదా! దీనినే లోహపు అలసట అంటారు. పట్టీమీద పడే ప్రతిబలం పెరిగిన కొద్దీ, అది ఎన్నిసార్లు వంగి తట్టుకోగలదో ఆ సంఖ్య చాలా వేగంగా పడిపోతుంది. ఉదాహరణకు ఒక ఉక్కు ఆయుర్దాయం ప్రతిబలపు ఐదవ ఘాతానికి విలోమానుపాతంలో ఉన్నదనుకొందాం. లోడు 40 శాతం పెంచితే 1.4ను ఐదుసార్లు గుణించాలి. జవాబు సుమారు 5.4. అనగా ఐదేళ్ళు రావలసిన పట్టీ ఏడాది లోపే పోతుంది. కనుక మన దేశపు లోడును ముందుగానే ఊహించి మందంగా చేసిన బండికి, నిర్ణీత భారాన్ని నమ్మి నాజూకుగా చేసిన బండికి తేడా కొద్దిపాటిది కాదు. పట్టీ విరిగిన రోజున ఆ సామాను ఊరి దుకాణంలో దొరుకుతుందా, దొరకదా అన్నది కూడా లారీ యజమానికి పెద్ద లెక్కే.

ఈ లెక్కను లారీ యజమాని ఘాతాంకాలతో వేయడు. నెల చివర మిగిలిన రూపాయలతో వేస్తాడు. అయినా అతని తీర్పు సరైనదే. ఎందుకంటే వందలమంది యజమానులు, ప్రతి నెలా, అవే రోడ్లమీద, అదే ప్రయోగాన్ని మళ్ళీ మళ్ళీ చేస్తున్నారు. తప్పు జరిగితే వెంటనే తెలుస్తుంది. ఇటువంటి చోట వాడినవారి మాట మంచి కొలతే.

అయితే ఈ యజమాని ఖాతా పుస్తకంలో ఒక పేజీ లేదు. 1958 నుంచి 1960 దాకా అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో ప్రత్యేకంగా రోడ్లు వేసి, వాటిమీద లారీలను నడిపి పరిశోధించారు. ఇరుసు భారానికి సుమారు నాలుగవ ఘాతంలో రోడ్డు చెడిపోతుందని తేలింది. 40 శాతం అధిక భారమంటే దాదాపు నాలుగు రెట్లు నష్టం. ఈ నష్టం లారీ యజమానికి కనిపించదు; గుంతలో పడే సైకిలువాడికి కనిపిస్తుంది. తన జేబుకు తగలని దానిని వాడినవాడు కొలవలేడు. ఈ లోపం లారీ విషయంలో చిన్నదిగా తోచవచ్చును. కారు విషయంలో ఇది ప్రాణాలకు సంబంధించినది.

డాట్సన్ గో: కనిపించని గుణం

నిస్సాన్ మళ్ళీ మన దక్షిణ దేశానికి వచ్చింది. 2010లో మద్రాసు సమీపాన ఒరగడంలో, ఫ్రాన్సుకు చెందిన రెనో కంపెనీతో కలిసి కార్ల కర్మాగారం ప్రారంభించింది. పాత డాట్సన్ పేరును మళ్ళీ బయటికి తీసి 2014 మార్చిలో "గో" అనే చౌక కారును మన దేశంలో విడుదల చేసింది. ధర నాలుగు లక్షల లోపు. మొదటిసారి కారు కొనే మధ్యతరగతివారిని ఉద్దేశించిన బండి ఇది. లోపల చోటు ఉన్నదని, ఇంజను చురుకైనదని, లీటరు లెక్క బాగున్నదని వాడినవారు చెప్పారు. ఆ మాటలు అబద్ధాలు కావు.

2014 నవంబరులో గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే అంతర్జాతీయ సంస్థ ఈ కారును గంటకు 64 కిలోమీటర్ల వేగంతో అడ్డుగోడకు ఢీకొట్టించి పరీక్షించింది. పెద్దవారి రక్షణలో కారుకు ఒక్క నక్షత్రం కూడా రాలేదు. మనుషులు కూర్చునే భాగమే నిలదొక్కుకోలేదు. ఆ సంస్థ అధ్యక్షుడు మాక్స్ మోస్లీ, కారును మార్కెట్టు నుంచి ఉపసంహరించమని నిస్సాన్ అధిపతి కార్లోస్ ఘోన్‌కు లేఖ రాశాడు. భారత దేశపు నిబంధనలకు తమ కారు లోబడి ఉన్నదని కంపెనీ జవాబు. అది నిజమే. కాని ఆనాటి మన నిబంధనల్లో ఇటువంటి ఢీకొట్టే పరీక్షే లేదు! గంటకు 56 కిలోమీటర్ల వేగపు పరీక్ష కొత్త నమూనాలకు 2017 అక్టోబరు నుంచి, అన్ని కార్లకు 2019 అక్టోబరు నుంచి తప్పనిసరి అయింది.

ఈ వేగాల అర్థం తెలియాలంటే పిల్లలకు తెలిసిన సూత్రం చాలు. 64 కిలోమీటర్లంటే సెకండుకు సుమారు 17.8 మీటర్లు. ఈ వేగం రావాలంటే ఒక వస్తువు సుమారు 16 మీటర్ల ఎత్తు నుంచి, అనగా ఐదంతస్తుల మేడపై నుంచి పడాలి. 56 కిలోమీటర్లకు ఆ ఎత్తు సుమారు 12 మీటర్లు. వేగంలో తేడా 8 కిలోమీటర్లే. కాని గతిజ శక్తి వేగపు వర్గాన్ని అనుసరిస్తుంది గనుక శక్తిలో తేడా 30 శాతం.

ఈ శక్తి ఎక్కడికో పోవాలి. కారు ముందు భాగం క్రమంగా నలిగి, 60 సెంటీమీటర్ల దూరంలో కారును ఆపిందనుకొందాం. సగటు రుణత్వరణం గురుత్వ త్వరణానికి సుమారు 27 రెట్లు. సీటు పట్టీ కట్టుకొన్నవాడు దీనిని తట్టుకొని బయటపడే అవకాశం ఉన్నది. ముందు భాగం బిరుసుగా ఉండి 10 సెంటీమీటర్లలోనే ఆగితే అది 160 రెట్లు దాటుతుంది. కనుక "రేకు గట్టిగా ఉన్నదా?" అని బానెట్టుమీద వేలితో కొట్టి చూడడం పరీక్ష కాదు. ముందు భాగం నలగాలి, మనుషులున్న గది నలగకూడదు. ఇది బండిని చూస్తే తెలియదు, నడిపితే తెలియదు, పదేళ్ళు వాడినా తెలియదు.

ఎందుకు తెలియదో చిన్న లెక్కతో చూపవచ్చును. తీవ్రమైన ఢీ ఏడాదికి వెయ్యి కార్లలో ఒకదానికి తగులుతుందని ఊహించుకొందాం. మూడేళ్ళ చొప్పున కారు వాడిన 50 మందిని మనం విచారించాము. మొత్తం 150 కారు-సంవత్సరాల అనుభవం. ఈ 50 మందిలో ఒక్కరికీ అటువంటి ఢీ తగలకపోయే సంభావ్యత 0.999ను 150 సార్లు గుణిస్తే వచ్చేది, సుమారు 0.86. అంటే నూటికి 86 పాళ్ళు, ఆ 50 మందీ "ఏ బాధా లేదు, బండి బంగారం" అనే చెబుతారు. అదే 50 మంది లీటరు లెక్కను వారానికి ఒకసారి చూచుకొన్నా మూడేళ్ళలో ఏడు వేలకు పైగా కొలతలు ఉంటాయి. నూనె ఖర్చు గురించి వారు పండితులు. ఢీ గురించి వారు, పాపం, మనవంటివారే. ఇంకొక సంగతి. ఢీలో ప్రాణం పోయినవాడు తన అభిప్రాయం చెప్పడానికి మిగలడు. మన విచారణలో వినిపించేవన్నీ బతికి ఉన్నవారి గొంతులే.

2018లో గో కారును మార్చి, రెండు ఎయిర్‌బ్యాగులను అన్ని రకాలలోనూ అమర్చారు. 2022లో డాట్సన్ పేరుతో కార్ల తయారీ మన దేశంలో ఆగిపోయింది. ఇదే కంపెనీ ఇదే ఒరగడంలో తయారుచేసి 2020 డిసెంబరులో విడుదల చేసిన మాగ్నైట్ కారుకు ఆగ్నేయాసియా పరీక్షా సంస్థ నాలుగు నక్షత్రాలు ఇచ్చింది. కాబట్టి నిస్సాన్‌కు ఈ విద్య రాదని అనలేము. అడిగేవారు లేనప్పుడు ఒక విధంగా, కొలిచేవారు ఉన్నప్పుడు ఒక విధంగా చేసిందనడమే న్యాయం. డెమింగ్ బహుమతి పొందిన కంపెనీ చివరి తనిఖీలను అర్హత లేని ఉద్యోగులతో చేయించిందని జపానులోనే 2017లో బయటపడి, పన్నెండు లక్షల కార్లను వెనక్కి పిలవవలసి వచ్చింది. పేరు ఎంత పెద్దదైనా కొలత మానవలసిన పని లేదు.

మనం ఏ మాట వినాలి?

నా విమర్శ నిస్సాన్‌పై మాత్రమే కాదు. మన అభిప్రాయాలు ఏర్పడే తీరుపై కూడా. "జపాను బండి, తిరుగులేదు" అనేవారికి జహీరాబాదు జవాబు చెబుతుంది. "పదిమంది వాడుతున్నారు, వారికి లేని భయం నాకెందుకు?" అనేవారికి గో కారు జవాబు చెబుతుంది. తరచుగా జరిగేదానిని, వెంటనే తెలిసేదానిని, తన జేబుకు తగిలేదానిని గురించి వాడినవారిని అడగాలి. వారికంటె బాగా చెప్పగలవారు లేరు. అరుదుగా జరిగేదానిని, జరిగితే తిరిగి దిద్దుకోలేనిదానిని గురించి ప్రయోగశాలను అడగాలి. 2023 అక్టోబరు నుంచి భారత్ ఎన్‌క్యాప్ పేర మన దేశంలోనే 64 కిలోమీటర్ల పరీక్ష జరుగుతున్నది. కంపెనీలు తమంతట తాము కార్లను పంపే పద్ధతి ఇది; అన్ని నమూనాలూ వస్తాయన్న హామీ లేదు. అందుచేత ఫలితం ఉన్నదా, లేదా అని కొనేవాడే అడగాలి.

ఉపాధ్యాయులు ఈ విషయాన్ని తరగతిలో సులభంగా చేయించవచ్చును. ఊరిలో కారు, జీపు, చిన్న లారీ ఉన్న ఇరవై మందిని పిల్లలు విచారించి, లీటరు లెక్క, ఏటా మరమ్మతు ఖర్చు, సామాను దొరికే ఊరు పట్టికగా రాయాలి. ట్యాంకు నిండా పోయించి, నడిచిన కిలోమీటర్లు చూచి, మళ్ళీ నిండా పోయించిన లీటర్లతో భాగించే పద్ధతి నేర్పితే యజమాని చెప్పిన అంకెకు, కొలిచిన అంకెకు తేడా పిల్లలే కనిపెడతారు. పట్టికలో చివరి గడి "ఢీకొంటే ఏమవుతుంది?" అన్న ప్రశ్నకు ఉంచాలి. ఇరవై మందిలో ఎవరూ దానిని నింపలేరు. ఆ ఖాళీ గడిని పిల్లలకు చూపి, దానిని నింపడానికి ఒక కొత్త కారును గోడకు కొట్టి పాడుచేయడం ఎందుకు దుబారా కాదో వారిచేతనే చెప్పించాలి.